కారు బాగున్నా రావచ్చండి

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి ఫోను మోగింది. తెర మీద "మేస్త్రి గారు గుడివాడ" అని పడింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. నాలుగు నెలలకి ఆయనే చేశారు కదా అని కాస్త బెట్టు కూడా వచ్చింది. "ఏమండీ మేస్త్రి గారూ, ఇన్నాళ్లకి గుర్తొచ్చామా?" అన్నాను ఎత్తగానే.

 అవతల ఒక ఆడగొంతు. "నేనండీ మేడం గారూ, వాళ్లావిడని. ఆయన గురువారం చనిపోయారండీ. నిన్న సమాధి చేసేశాం. ఎవరెవరికి చెప్పాలో తెలీక ఫోన్లో ఉన్న పేర్లన్నిటికీ వరసపెట్టి చేస్తున్నానండీ" అంది.

నేనేం మాట్లాడానో గుర్తులేదు. ఫోను పెట్టేసి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. పోర్టికోలో కారు కడిగిన ముత్యంలా ఉంది. బ్యాటరీ బాగుంది, బ్రేకులు బాగున్నాయి, కింద ఒక్క చుక్క ఆయిలు కారడం లేదు. దాన్ని చూస్తే ఒళ్లు మండిపోయింది. నీకు ఒంట్లో బాగుండబట్టే కదే నేను వెళ్లలేదు అన్నాను, పైకే. కారుతో మాట్లాడటమేమిటని మీకు నవ్వొస్తే నవ్వండి. మా ఇంట్లో మాట్లాడటానికి ఇంకెవరూ లేరు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన షెడ్డు మీద కూడా పేరు ఉండేది కాదు. గుడివాడలో ఆ వీధిలో ఎవర్నడిగినా "ఎర్రకారు మేస్త్రా అండీ?" అని చూపించేవారు. ఆయనకి కారే లేదు, పాత స్కూటరు తప్ప. ఆ పేరు నా కారు వల్ల వచ్చింది.

నేను బందరులో ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. పెద్ద కారణమేమీ లేదు, వాయిదాలు పడి పడి వయసైపోయింది. అమ్మ పోయిన ఏడాది, నా యాభై రెండో ఏట, విజయవాడలో ఒక హోటలు వెనకాల టార్పాలిన్ కింద దుమ్ము కొట్టుకుని ఉన్న ఈ కారు కొన్నాను. అప్పటికే దానికి పాతికేళ్లు. విదేశంలో చేసిన స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైన మడిచే గుడ్డ టాపు, మీట నొక్కితే ముందు నుంచి కప్పకళ్లలా పైకి లేచే రెండు లైట్లు. నేను పదో తరగతిలో ఉండగా ఒక క్యాలెండర్ మీద అలాంటిది చూశాను. కొనడానికి కారణం అంతే.

"ఆ డబ్బుకి రెండు సెంట్ల స్థలమొచ్చేది కదండీ" అంది పక్కింటావిడ.

"స్థలమెక్కి ఎక్కడికి వెళ్లనండీ?" అన్నాను. మాటకి మాట అప్పజెప్పడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు.

మూడు నెలలు తిరగకుండా ఆవిడే గెలిచింది. బందరు ఉప్పుగాలి సంగతి తెలిసిందే, ఇనప గేట్లనే రెండేళ్లలో తినేస్తుంది. కారు అడుగున తుప్పు మొదలైంది. గుడ్డ టాపు మొదటి వానకే కారింది. నీళ్ల పంపు పోయింది. దాని పక్కనుండే జానెడు రబ్బరు గొట్టం ఎక్కడో దేశం కాని దేశం నుంచి పార్శిల్లో వస్తే, నేను కట్టిన డబ్బుతో ఇంట్లో ఏడాది పాలు పోయించుకోవచ్చు. టైర్ల సైజు చెబితే కొట్టువాడు "ఇది ఏ ఊరి సైజండీ?" అన్నాడు. బందరులో మెకానిక్కులు బానెట్ ఎత్తి చూసి, దించేసి, "ముట్టుకుంటే మా మెడకి చుట్టుకుంటుంది మేడం, వద్దులెండి" అన్నారు. చివరికి ఎవరో చెప్పారు, గుడివాడలో ట్రాక్టర్లూ కోత మిషన్లూ చేపల చెరువుల్లో గాలి కొట్టే ఏరేటర్లూ బాగుచేసే ఒక మేస్త్రి ఉన్నాడు, ఆయన కాదంటే ఇంక తూకానికి వేసుకోవడమే అని.

తీసుకెళ్లాను. సన్నటి మనిషి, నెరిసిన మీసం, భుజం మీద తువ్వాలు. కారు చుట్టూ మూడుసార్లు తిరిగారు గాని చెయ్యి వెయ్యలేదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, గొంతుక్కూర్చుని అడుగు భాగం చూశారు.

"ఎవరు చేశారో గాని మనసు పెట్టి చేశారండి" అన్నారు. "దీన్ని ఎందుకు కొన్నారండీ?"

"చిన్నప్పటి సరదా."

"సరే అయితే. అమ్మితే లాభమొస్తుందని కొన్నానంటే వద్దని పంపేసేవాణ్ణి." తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. "కొనడం ఒక్కరోజు ముచ్చటండి, పెళ్లిలాగా. ఆ తర్వాత కాపురం చెయ్యాలి కదా. పెళ్లికి ఎంతైందని అందరూ అడుగుతారు గాని, కాపురానికెంతవుతుందో..." అని నా మెడ వైపు చూసి, నాలిక్కరుచుకుని, గబగబా పానాల పెట్టె దగ్గరికి వెళ్లిపోయారు. పాపం ఆ వేళంతా నా మొహం చూడలేదు.

ఆ రోజు వెళ్లేటప్పుడు షెడ్డు గడప దగ్గర కారు పొట్ట కర్రుమని గీసుకుంది. రోడ్డుకీ షెడ్డుకీ మధ్య జానెడు మెట్టు. ట్రాక్టర్లకి అదో లెక్క కాదు. మరుసటి నెల వెళ్లేసరికి ఆ మెట్టు లేదు. అక్కడ సిమెంటుతో నున్నగా, పొడుగ్గా వాలు పోయించి ఉంది. "ఎప్పట్నుంచో అనుకుంటున్నానండి" అన్నారు ఆయన. నేను నమ్మేశాను.

అలా నెలకి ఒకసారి, మొదటి శనివారం, బందరు నుంచి గుడివాడ వెళ్లడం అలవాటైంది. పెడన దాటాక రెండు పక్కలా చేలు, చెరువులు. టాపు దించుకుని వెళ్తుంటే బస్సులో పిల్లలు చేతులూపేవారు. పక్క సీట్లో నా చేతిసంచీ ఉండేది.

పార్టులు దొరకని దగ్గర ఆయన తన బుర్ర వాడేవారు. ఫ్యాన్ బెల్టు ట్రాక్టరుది కోసి వేశారు. ముందు చక్రంలో ఒక బేరింగు ఏరేటర్‌ది సరిపోయిందని చెబుతూ, "మీ కారులో చేపల చెరువు కూడా ఉందండి ఇప్పుడు" అని నవ్వారు. టాపుకి కొత్త గుడ్డ, షామియానాలు కుట్టే ఆయన చేత కుట్టించారు. అడుగు భాగానికి ప్రతి వానాకాలం ముందూ పాత ఇంజనాయిల్ బ్రష్షుతో పూసేవారు. సముద్రం దగ్గరికి వెళ్లొస్తే మంచినీళ్లతో కింద నుంచి కడగాలి, అది చట్టం. "ముందు దానికి స్నానం, తర్వాత మీకు" అనేవారు. ఇంత పొదుపు మనిషీ బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి మారిపోయేవారు. "నడిచే దగ్గర సర్దుకుందామండి. ఆగే దగ్గర మాత్రం బేరం లేదు." బ్రేకు ప్యాడ్లు ఎంత ఖరీదైనా అసలువే తెప్పించాల్సిందే. నేను గొణిగితే వినపడనట్టు ఊరుకునేవారు.

పని అయ్యాక ట్రయల్‌కి వెళ్లేవాళ్లం. నేను నడిపేదాన్ని, ఆయన పక్కన కూర్చునేవారు. కూర్చునే ముందు పాత న్యూస్‌పేపరు ఒకటి విప్పి సీటు మీద జాగ్రత్తగా పరిచేవారు, వీపు ఆనే దగ్గర ఇంకొకటి. "ఎందుకండీ, తోలు సీటే కదా, తుడిస్తే పోతుంది" అంటే, "మీ సీటు మీది, నా మసి నాది" అనేవారు. దారిలో మాట్లాడేవారు కాదు. కళ్లు మూసుకుని ఇంజను చప్పుడు వినేవారు. వెనక్కి వచ్చి దిగాక "బాగుంది" అనో, "ఎడం పక్కన ఏదో సణుగుతోందండి" అనో చెప్పేవారు. ఆ పదిహేను నిమిషాలు నా పక్కన ఇంకో మనిషి కూర్చుని ఉండేవాడు. నెల మొత్తానికి అంతే. మీలో ఇంటినిండా మనుషులున్నవాళ్లకి ఇది అర్థం కావడం కష్టం, ఊరికే చెబుతున్నాను.

రిటైరయ్యాక నా పరిస్థితి ఇంకా దిగజారింది. కాలేజీ ఉన్నన్నాళ్లూ రోజుకి నాలుగు గంటలు గొంతు చించుకునేదాన్ని. తర్వాత శుక్రవారం నుంచి సోమవారం దాకా నా గొంతు నాకే వినపడని రోజులు వచ్చాయి. పాలవాడితో "రేపు అర లీటరు చాలు" అన్నప్పుడు గొంతు బొంగురుగా వచ్చేది. మొదటి శనివారం కోసం క్యాలెండర్ చూసుకునేదాన్ని. అప్పుడొక నెల కారుకి ఏమీ కాలేదు. సర్వీసింగు కూడా అంతకు ముందే అయిపోయింది.

చెప్పడానికి సిగ్గుగానే ఉంది గాని చెప్పేస్తాను. శుక్రవారం సాయంత్రం స్క్రూడ్రైవరు తీసుకుని, ఎడమ లైటు పైకి లేపే మోటారు వైరు నేనే వదులు చేశాను. ఫిజిక్సు మాస్టర్ని, నాకు ఆ మాత్రం తెలుసు. మర్నాడు ఒంటికన్ను కారేసుకుని వెళ్లి, "చూడండి మేస్త్రి గారూ, దీనికి మళ్లీ జబ్బు చేసింది" అన్నాను. ఆయన చూసి, బిగించి, డబ్బులు వద్దన్నారు. తర్వాత నెల కూలెంట్ గొట్టం క్లిప్పు వదులు చేశాను. ఆ తర్వాత నెల మళ్లీ ఎడమ లైటు.

ఆ మూడోసారి ఆయన లైటు బిగించి, బానెట్ దించి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు నిలబడ్డారు. ఆ వైరు దగ్గర స్క్రూ మీద నా స్క్రూడ్రైవరు జారిన గీతలు ఆయనకి కనపడే ఉంటాయి. పనివాళ్ల చెయ్యి అలా జారదు. ఇవన్నీ నేను తర్వాత ఊహించుకున్నవి, ఆయన అవేమీ అనలేదు. నేల వైపు చూస్తూ ఒక్క మాట అన్నారు.

"కారు బాగున్నా రావచ్చండి, మేడం గారూ."

నాకు మొహం మాడిపోయింది. కాపీ కొడుతూ పట్టుబడిన పిల్లలా అయిపోయాను. ముప్పై ఏళ్లు అలాంటి పిల్లల్ని పట్టుకున్నదాన్ని. "మీరేమంటున్నారో నాకు తెలీదు" అన్నాను విసురుగా, కారెక్కి వచ్చేశాను. దారంతా కోపమే. ఎవరి మీదో తెలీని కోపం. ఇంటికొచ్చాక తలుపేసుకుని ఏడ్చాను.

ఆ మాట ఎంత మంచిదో నాకు తెలుసు. కానీ ఊరికే వెళ్లడం నాకు చేతకాదు. ఏదో ఒక పని ఉంటేనే ఒకరి గడప తొక్కిన మనిషిని. ఒంటరి ఆడది మెకానిక్ షెడ్డులో బల్ల మీద ఊరికే కూర్చుంటే ఎవరేమనుకుంటారో అన్నది ఒక సాకు. అసలు సంగతి, ఊరికే వచ్చానంటే, నాకెవరూ లేరు అని చెప్పినట్టే కదా! దొంగ రిపేర్లు ఇంక చెయ్యలేను, ఊరికే వెళ్లలేను. అప్పట్నుంచి నిజంగా ఏదైనా పాడైతేనే వెళ్లేదాన్ని. పాత కారు కాబట్టి దేవుడి దయవల్ల ఏదో ఒకటి పాడవుతూనే ఉండేది.

కిందటేడు మినుముల కాలంలో మాత్రం మరీ పాడైంది. ఆ తప్పు పూర్తిగా నాదే. దివిసీమలో మినుము పీకాక మొక్కల్ని తారు రోడ్డు మీద మందంగా పరుస్తారు. వచ్చేపోయే బండ్ల చక్రాల కింద కాయలు పగిలి గింజలు రాలతాయి, నూర్పిడి ఖర్చు ఉండదు. బస్సులకీ లారీలకీ ఫర్వాలేదు. నేలకి ఆనుకుని వెళ్లే కారుకి అది ప్రాణాంతకం. ఆ ఎండు కట్టె కారు కింద ఈడ్చుకుపోయి కాలుతున్న సైలెన్సరు గొట్టానికి చుట్టుకుంటుంది. మేస్త్రి గారు ప్రతి ఏడూ సంక్రాంతి దాటగానే ఫోన్ చేసేవారు. "మినుములు రోడ్డెక్కాయండి. ఆ పక్కకి తీయకండి. తప్పనిసరైతే దిగి, కర్రతో పక్కకి జరిపి వెళ్లండి. మళ్లీ ఎలా ఉన్నవి అలా సర్దండి, వాళ్లవి కదా."

విన్నాను. కానీ ఆ రోజు అమ్మ పోయిన రోజు. పాలకాయతిప్ప వెళ్లి సముద్రం దగ్గర కాసేపు కూర్చుందామనిపించింది. కోడూరు దాటాక రోడ్డు మీద మినుము. దిగడానికి బద్ధకించాను. నెమ్మదిగా పోనిస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. రెండు వందల గజాలు వెళ్లేసరికి కాళ్ల కింద నుంచి పొగ వచ్చింది.

ఆ చేలో ఉన్న ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చి నన్ను ముందు బయటికి లాగారు. తాగడానికి తెచ్చుకున్న నీళ్ల బిందెలు రెండూ కుమ్మరించారు, ఇసక పోశారు. మంట ఆరింది. అప్పుడు అందులో పెద్దావిడ నన్ను అందుకుంది. "కళ్లు కనపడటల్లేదా అమ్మా? పొట్ట నేలకానే బండేసుకుని మా మినుముల మీదకొచ్చావు! కారు పోతే పోయింది, నువ్వు పోతే మీవాళ్లకి ఎవరు చెప్పాలి సమాధానం?" చెప్పాల్సిన వాళ్లెవరూ లేరని ఆవిడతో అనలేదు. మేస్త్రి గారికి ఫోన్ చేశాను.

"మీకేమైనా అయిందా?" అన్నారు మొట్టమొదట.

"లేదండి. కారు..."

"కారు సంగతి తర్వాతండి. నీడలో కూర్చోండి. మంచినీళ్లు తాగండి. వస్తున్నా."

మూడు బస్సులు మారి, మధ్యాహ్నం దాటాక చేతిలో పానాల సంచీతో దిగారు. నన్ను ఒకసారి తలనుంచి కాళ్ల దాకా చూసి, తువ్వాలు పరుచుకుని కారు కింద దూరారు. గంటసేపు కాలిన మినప కట్టె గుప్పిళ్లతో లాగారు. అందులో మాడకుండా మిగిలిన గింజల్ని విడిగా తువ్వాల్లో పోగేశారు. అన్నీ కలిపితే చేరెడు ఉన్నాయి. లేచి వెళ్లి ఆ పెద్దావిడకి ఇచ్చారు.

ఆవిడ పకపకా నవ్వింది. "ఈ చేరెడు ఏం చేసుకోను అన్నయ్యా?"

"మీవి కదమ్మా" అన్నారు ఆయన.

సరుకు దించి ఖాళీగా వెళ్తున్న చేపల లారీ ఒకదాన్ని ఆపి, పలకలు వేసి కారుని ఎక్కించారు. గుడివాడ దాకా లారీ క్యాబిన్లో ఇరుక్కుని వెళ్లాం. షెడ్డులో దించాక, వైర్లన్నీ కరిగిపోయి అట్టకట్టుకుపోయిన ఆ పొట్ట చూపించి, ఆయన దాపరికం లేకుండా చెప్పారు. "ముక్కలుగా అమ్మేస్తే మీకు కాస్త డబ్బొస్తుందండి. నిలబెట్టాలంటే మీకు చాలా పోతుంది. నాకు ఆరు నెలలు పడుతుంది. ఏం చేద్దామంటారు?"

"మీరైతే ఏం చేస్తారు?"

"నేనడిగింది మిమ్మల్నండి."

నిలబెట్టమన్నాను. పింఛను డబ్బులో దాచుకున్నది చాలా వరకు అందులోకి వెళ్లింది. అయితే ఒక మాట. ఆ ఆరు నెలలూ నా జీవితంలో మంచి రోజులు. ప్రతి శనివారం బస్సులో వెళ్లేదాన్ని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన కారు కింద పడుకుంటే నేను పక్కన పీటేసుకుని టార్చిలైటు పట్టుకునేదాన్ని. ఏ రంగు వైరు ఎక్కడికి వెళ్తుందో నేను కాగితం మీద గీసేదాన్ని, ఆయన కలిపేవారు. ఆయన ఎనిమిదో తరగతితో మానేశారట. "కరెంటంటే అసలేమిటండీ? ముప్పై ఏళ్లుగా ముట్టుకుంటున్నాను గాని తెలీదు" అని అడిగారు ఒకసారి. చెప్పాను. అంత శ్రద్ధగా నా పాఠం విన్నవాళ్లు కాలేజీలో పదిమంది కూడా లేరు.

దగ్గేవారు. నేను గమనించలేదని చెప్పను. కాలిన రబ్బరు మసి అనుకున్నాను. "డాక్టరుకి చూపించుకోండి" అన్నాను ఒకటి రెండుసార్లు. "ముందు దీని ఊపిరి తెప్పించనివ్వండి" అన్నారు.

దసరాకి ముందు కారు లేచి నిలబడింది. ట్రయల్‌కి వెళ్లాం. ఎప్పటిలాగే పేపరు పరుచుకుని కూర్చుని కళ్లు మూసుకున్నారు. వెనక్కి వచ్చాక కూడా కాసేపు దిగలేదు. "ఇంక దీనికి కొన్నాళ్ల పాటు ఏమీ కాదండి" అన్నారు. ఎడమ లైటు మాత్రం కుడిదానికన్నా అరక్షణం ఆలస్యంగా లేస్తోంది. సరిచెయ్యమన్నాను. "అది దాని అలవాటు, ఉండనివ్వండి" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వైరు సంగతి మేమిద్దరం ఎత్తుకున్నది అదొక్కసారే.

ఆయన అన్నట్టే ఏమీ కాలేదు. కార్తీకం వెళ్లింది, క్రిస్మస్ వచ్చింది. ఆ వేళ ఫోన్ చేశాను. వాళ్లు క్రైస్తవులు, ఏటా ఆ రోజు శుభాకాంక్షలు చెప్పడం అలవాటు. ఆయన గొంతు బాగా తగ్గింది. "కారెలా ఉందండీ?" అన్నారు.

"బ్రహ్మాండంగా ఉంది మేస్త్రి గారూ. ఒక్క కంప్లయింటు లేదు" అన్నాను. ఆయన పనితనాన్ని మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను.

"మంచిదండి" అన్నారు. ఇద్దరం ఫోన్లు పెట్టేశాం.

వాళ్లావిడ ఫోను వచ్చిన మర్నాడు, ఆదివారం, ఆయన కోసం పెట్టిన ఆదరణ కూడికకి కారులోనే వెళ్లాను. షెడ్డు ముందు షామియానా వేశారు. పాస్టరు గారు వాక్యం చదివారు, పాట పాడారు, భోజనాలు పెట్టారు. జనం తగ్గాక మేస్త్రి గారి భార్య వచ్చి నా పక్కన కూర్చుంది. అన్నేళ్లలో ఆవిడతో నేను మాట్లాడింది చాలా తక్కువ.

"మీ కారు పని అయినప్పట్నుంచి షెడ్డు తీయడం మానేశారండీ, ఓపిక లేక" అంది. "మొదటి శనివారం మాత్రం వద్దన్నా వినకుండా వచ్చి తీసేవారు. మీ కారు పెట్టే చోటు ఊడ్పించి, బల్ల మీద కూర్చునేవారు. మధ్యాహ్నం దాకా చూసి ఇంటికొచ్చేవారు. నాలుగు నెలలూ అంతేనండి. 'మేడం గారు రాలేదంటే కారు బాగుందన్నమాట. మంచిదే' అనేవారు."

 ఆవిడ నన్ను ఆడిపోసుకోవడానికి చెప్పలేదు. ఆయన చివరి రోజుల ముచ్చట చెప్పుకుంటోంది, అంతే. నలభై కిలోమీటర్ల దూరంలో, అదే శనివారాలు, నేనూ వరండాలో కూర్చునే ఉన్నాను. కారు వైపు చూస్తూ, దీనికేమైనా అయితే బాగుండునని.

ఇంతలో ఆవిడ, సమాధుల తోటకి వెళ్లి పూలు పెట్టి రావాలి, ఆటో కోసం చూస్తున్నానంది. నేను తీసుకెళ్తానన్నాను. "ఆ కారులోనా?" అని మొహమాటపడింది. తర్వాత లోపలికి వెళ్లి ఒక పాత న్యూస్‌పేపరు తెచ్చింది. తెల్లచీర కట్టుకుని ఉంది, ఎక్కడా మరక లేదు. అయినా ఆ పేపరు విప్పి సీటు మీద చదునుగా పరిచి, మెల్లిగా కూర్చుంది. "ఈ కారులో ఇలా వేసుకునే కూర్చోవాలంట కదండీ. ఆయన చెప్పేవారు" అంది.

వద్దని చెప్పలేకపోయాను. సమాధుల తోట దాకా ఆవిడా ఏమీ మాట్లాడలేదు.

తర్వాత వారం వాళ్లమ్మాయి వచ్చి ఆవిణ్ణి కైకలూరు తీసుకెళ్లిపోయింది. షెడ్డు అద్దెకిస్తారట. ఇవాళ మొదటి శనివారం. పొద్దున్నే కారు తీశాను. గుడివాడకి ఇంకా దూరముందనగా రోడ్డు మీద ఎవరో మినుము పరిచారు. కారాపి, దిగి, కర్ర తీసుకుని ఒక పక్కగా దారి చేసుకుని వెళ్లాను. మళ్లీ ఆపి, వెనక్కి నడిచొచ్చి, ఎలా ఉన్నవి అలా సర్దాను. అరగంట పట్టింది. చెమటలు పట్టాయి.

షెడ్డు షట్టరు వేసి ఉంది. వాలు మీదికి కారు పోనిచ్చాను. కింద ఎక్కడా తగల్లేదు. పక్కన టీకొట్టాయన నన్ను గుర్తుపట్టి గబగబా వచ్చాడు.

"మేస్త్రి గారు లేరు కదండీ... మీకు తెలీదా?"

"తెలుసండి."

"మరి కారుకేమైందండీ?"

"ఏమీ కాలేదు. బాగుంది" అన్నాను. తర్వాతి మాట గొంతులో అడ్డం పడింది. ఏడేళ్ల కిందట ఆయన రావచ్చన్నప్పట్నుంచీ అక్కడే అడ్డం పడి ఉన్న మాట. "ఊరికే వచ్చానండి."

ఆయన వెళ్లి టీ పట్టుకొచ్చాడు. బల్ల తుడిచి కూర్చున్నాను. కారు సీటు మీద ఆవిడ పరిచిన పేపరు అలాగే ఉంది, తీయలేదు. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. రోడ్డు మీద ట్రాక్టర్లు వెళ్తూనే ఉన్నాయి, ఒక్కటీ ఇటు తిరగలేదు. పొద్దుగూకుతుంటే లేచి, కారెక్కి, లైటు మీట నొక్కాను. ముందు కుడి కన్ను లేచింది. షట్టరు మీద వెలుగు సగమే పడింది. అరక్షణానికి, ఎప్పటిలాగే ఆలస్యంగా, ఎడమది కూడా లేచింది.